వెనక నుంచి వచ్చిన సముద్రం

అందరం క్షేమంగా ఇంటికొచ్చాం. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, లేకపోతే మధ్యలో కంగారుపడి నన్ను తొందరపెడతారు. వెళ్ళినవాళ్ళం వెళ్ళినట్టే తిరిగొచ్చాం. పోయిందల్లా ఒక బంతి, మా అత్త కుడికాలి చెప్పు, రెండు ప్లాస్టిక్ కుర్చీలు. కుర్చీలవాడు ఇప్పటికీ ఫోన్ చేసి సతాయిస్తూనే ఉన్నాడు. సతాయించుకోనివ్వండి.

నా పేరు రోజారాణి. పుట్టింది బెంగాల్లోనే, టికియాపారా రైల్వే క్వార్టర్సులో, మెట్టింది గార్డెన్ రీచ్ ఓడరేవు పక్కన. రైలు చప్పుడు లేకపోతే నిద్రపట్టని దాన్ని తెచ్చి ఓడల కూతల మధ్య పడేశారు. మా ఆయన యోగేశ్ డాక్‌లో ఖలాసీ. సరుకుని తాళ్ళతో క్రేన్ కొక్కేనికి కట్టి, ఎత్తమనీ దించమనీ చేతులతో సైగ చేసే పని. ఆయన కట్టిన ముడి జారిందని ఇంతవరకు ఎవరూ అనలేదు. నోరు మాత్రం లేదు పాపం. ఇంట్లో నోరంతా మా అత్తదీ, నాదీ.

అత్త పేరు అప్పలకొండమ్మ. శ్రీకాకుళం జిల్లాలో సముద్రం ఒడ్డున వలలు వేసుకునే పల్లె వాళ్ళది. మా మామ గురువులుకి ఇక్కడి డాక్‌లో పని దొరికితే, పాలు మానని కొడుకుని చంకనేసుకుని వచ్చేసింది. మామ పోయి చాలా ఏళ్ళయింది. వచ్చిన రోజు నుంచీ మా గల్లీలో ఆవిడ పాడే పాట ఒకటే. "నా కొడుకు గంగమ్మ బిడ్డ. నడక రాకముందే ఈత ఈదినాడు." తెలుగువాళ్ళకి తెలుగులో చెప్పింది, బెంగాలీలకి బెంగాలీలో, బీహారీలకి చేతులు తిప్పి చూపిస్తూ చెప్పింది. అందరూ నమ్మారు. సముద్రపు పల్లెవాడికి ఈత రాకపోవడమేమిటని వాళ్ళ ధీమా.

అసలు సంగతేమిటంటే, మా ఆయనకి ఈత రాదు. రానే రాదు. పెళ్ళయిన కొత్తలో గంగలో స్నానానికి వెళితే, పై మెట్టు మీద కూర్చుని చెంబుతో నీళ్ళు పోసుకున్నాడు. ఏమిటయ్యా అంటే జలుబన్నాడు. రోళ్ళు పగిలే ఎండల్లో జలుబు! తర్వాత ఒప్పుకున్నాడు గానీ, అమ్మ పరువు పోతుంది, ఎవరికీ చెప్పొద్దని నా చేత ఒట్టేయించుకున్నాడు. వేశాను. ఒళ్ళు మండుతూనే వేశాను.

ఈ చలికాలం డాక్‌లో మా ఆయన పనిచేసే గ్యాంగు పిక్నిక్ మాట వచ్చింది. గ్యాంగుకి సర్దార్ శ్యామసుందర్ దాదా, బెంగాలీ, మంచివాడే, కాకపోతే ఒక ఆలోచన తలకెక్కితే దిగదు. మా ఇంటికే వచ్చి, మా అత్త చేతి టీ తాగుతూ చెప్పాడు. "ఈసారి జనం తొక్కిసలాడే చోటుకి వద్దు. ఎవరూ లేని సముద్రం ఒకటి చూసి పెట్టాను. పిల్లల్ని నీళ్ళలో ఆడించే బాధ్యత యోగేశ్‌ది. సముద్రేర్ ఛేలే కదా." సముద్రం కొడుకు అని దాని అర్థం. సముద్రం కొడుకు టీ గ్లాసు వంక చూస్తూ కూర్చున్నాడు. సముద్రం కొడుకు తల్లి మాత్రం "మరేటి బాబూ, ఆడికి ఒగ్గీయండి," అని ఒప్పేసుకుంది.

సర్దార్ గడప దాటాడో లేదో నేను మొదలుపెట్టాను.

"మావా, రేపెల్లి దాదాకి నిజం సెప్పీ. ఊళ్ళో పిల్లల పేణాలవి. మన జ్యోతి కూడా ఉంటాది."

"అమ్మ ముందరేటి మాటలే," అన్నాడు గొంతు తగ్గించి.

"అమ్మ ముందరే సెప్పాల. ఆవిడే కదా ఎత్తుకున్నాది ఈ గోల."

అత్త చేటలో బియ్యం ఏరుతూ తలెత్తలేదు. "నా కొడుకుని నీటిలోకి దిగమని ఎవులన్నారే? గట్టు మీదుండి సూసుకుంటాడు. ఆడెనకాల నానుంటాను కదేటి?"

మా జ్యోతిరాణికి ఎనిమిదేళ్ళు. నాన్న సముద్రంలోకి ఎగిరి దూకుతాడనీ, తనకీ ఈత నేర్పిస్తానన్నాడనీ అప్పటికే బడంతా చాటేసి వచ్చింది. నేనింకేమంటాను? నోరు మూసుకున్నాను. నేను నోరు మూసుకున్నానంటే మా గల్లీలో ఎవరూ నమ్మరు.

ఆ ఊరి పేరు చెప్పను, చెబితే మీరూ వెళతారు. నామ్‌ఖానా దాటి, రోడ్డు ఉన్నంత మేరా బస్సులో వెళ్ళి, అక్కడి నుంచి సరుగుడు తోటలో నడిచాం. తోట దాటగానే ఇసుక. నేననుకున్నట్టు నీళ్ళు లేవు. ఇసుక, మళ్ళీ ఇసుక, ఎక్కడో చివర తెల్లటి గీత. అదే సముద్రమట. ఇసుక గచ్చులా గట్టిగా ఉంది, సైకిలు తొక్కొచ్చు. దాని మీద ఎర్ర పీతలు పరుచుకుని ఉన్నాయి. మనం ఒక అడుగు వేస్తే అన్నీ ఒక్కసారే కన్నాల్లోకి దూరిపోతాయి. దుకాణం లేదు, కాపలావాడు లేడు, జాగ్రత్త అని రాసిన బోర్డు లేదు, ఫోన్లో సిగ్నల్ లేదు. చూడ్డానికి మాత్రం రెండు కళ్ళూ చాలవు.

మా అత్త నడుం మీద చేతులేసుకుని చూసింది. "ఇదేటి సముద్రమే? మా సముద్రమైతే గట్టు దిగితే మెడలోతు. అలొచ్చి కొడితే మనిసి పిల్లిమొగ్గలెయ్యాల. ఇది పళ్ళెంలో నీళ్ళు పోసినట్టున్నాది," అని పెదవి విరిచింది.

అలల దగ్గరికి వెళ్ళాలంటే మధ్యలో ఒక కాలవ దాటాలి. ఇక్కడివాళ్ళు ఖాల్ అంటారు. ఒడ్డుకి సమాంతరంగా సాగి ఎక్కడో సముద్రంలో కలుస్తుంది. అప్పుడు చీలమండల లోతు నీళ్ళే ఉన్నాయి. అవతల ఇసుక కొంచెం ఎత్తుగా దిబ్బలా ఉంది, దాని ముందర అలలు. వంటవాళ్ళని సరుగుడు చెట్ల కింద మాంసం దగ్గర వదిలేసి మిగతా అందరూ కేరింతలు కొడుతూ కాలవలోకి దిగారు. మా ఆయన ఒక్కడే ఆగిపోయాడు.

కాలవలో ఒక ఆవిడ నడుం వంచి, రొయ్య పిల్లల కోసం చిన్న వల ఈడుస్తోంది. మా ఆయన వెళ్ళి ఆవిడని ఏదో అడిగాడు. ఆవిడ చెయ్యి చాపి ఒకచోటు చూపించింది. అక్కడే అడుగు గట్టిదట, అటూ ఇటూ బురద, కాలు పెడితే మోకాలి దాకా దిగిపోతుందట. మా ఆయన వంటవాళ్ళ దగ్గర నుంచి ఒక వెదురు కర్ర తెచ్చి, పొడిచి పొడిచి చూసుకుంటూ దాటాడు. తర్వాత ఆ కర్రని కాలవ మధ్యలో పాతి, మోకాలెత్తున తన ఎర్ర గమ్ఛా, అదే భుజం మీది తువ్వాలు, కట్టాడు. చూస్తున్నవాళ్ళు ఒకటే నవ్వు. గోడ మీద బల్లిని చూసి జడుసుకునే మనిషి ఎలా ఉంటాడో అలా ఉన్నాడు నా మొగుడు, నాకూ నవ్వొచ్చింది.

ఆయన నా చెవి దగ్గరకొచ్చి, "గమ్ఛా తడిసిందంటే మనం ఎల్లిపోవాల. నీకొక్కదానికే సెప్తున్నాను," అన్నాడు. నాకు నవ్వు పోయింది.

దిబ్బ మీద ఇంకా వినోదం. మా ఆయన డాక్ నుంచి తెచ్చిన లావుపాటి నైలాన్ తాడు తీసి, ఇద్దరు బలమైన మనుషుల మధ్య కట్టి, పిల్లలందరినీ దాన్ని పట్టుకుని నిలబడమన్నాడు. మోకాలి లోతు దాటకూడదన్నాడు. తాడు వదిలినవాళ్ళకి మాంసం లేదన్నాడు. "సముద్రం కొడుకువి, మోకాలి లోతుకే ఇంత హంగామానా?" అని సర్దార్ పగలబడి నవ్వాడు. మా జ్యోతి సిగ్గుతో తలొంచుకుంది. అత్త అలల ఎదురుగా కుర్చీ వేయించుకుని, జడ్జీలా కూర్చుంది.

ఆవిడ ఊరికే కూర్చోలేదులెండి. ఆ మాట కూడా చెప్పాలి. పిల్లల బంతి జారి నీళ్ళలో పడింది. రెండు పక్కలా అలలు విరుగుతుంటే మధ్యలో ఒకచోట అల లేకుండా నున్నగా ఉంది, బంతి అక్కడికి చేరింది. గ్యాంగులో కుర్రాడు మనోహర్, మన తెలుగువాడే, నీళ్ళు నిదానంగా ఉన్నాయి కదా అని చొక్కా విప్పి బయల్దేరాడు.

"ఓరి మనోహరా, ఆగరా," అని అత్త కేకేసింది. "అల నేని కాడే లాగుతాది. ఒచ్చిన నీరంతా ఆ సందులోంచే ఎనక్కెల్తాది. నువ్వెంత ఈదినా గట్టుకి రానేవు."

మనోహర్ ఆగాడు. మేం చూస్తుండగానే బంతి ఆ నున్నటి నీళ్ళ మీద ఎవరో తాడుకట్టి లాగినట్టు లోపలికి పోయింది, చిన్నదై, చుక్కై, కనబడకుండా పోయింది. ఆ తర్వాత మా అత్త చెప్పిందే వేదం అయిపోయింది. నాకూ ఆవిడ మీద గౌరవం కలిగింది, అబద్ధమెందుకు.

అందరూ ముందుకి చూస్తున్నారు. మా ఆయన ఒక్కడే వెనక్కి చూస్తున్నాడు. ఈత వచ్చినవాడి కళ్ళు అలల మీద ఉంటాయేమో గానీ, రానివాడి కళ్ళు తిరిగి వెళ్ళే దారి మీదే ఉంటాయి. ఆయన మొహం చూసి నేనూ అటు తిరిగాను. వల ఈడ్చే ఆవిడ లేదు, ఎప్పుడో గట్టెక్కి వెళ్ళిపోయింది. కాలవ వెడల్పయింది. కర్ర పై భాగం కనిపిస్తోంది గానీ గమ్ఛా కనబడలేదు.

"దాదా, ఇక వెళ్ళిపోదాం," అన్నాడు మా ఆయన సర్దార్‌తో. గొంతు మామూలుగానే ఉంచాడు.

"ఇప్పుడేగా వచ్చింది. మాంసం ఇంకా ఉడకలేదు కూడా."

"ఏట్రా నీ కంగారు?" అంది అత్త. "పోటొస్తే నాకు తెల్దేటి? అల ఉన్న కాడే ఉన్నాది, సూడు."

ఆవిడ చూపించింది నిజమే. ముందరి అలలు పెద్దగా జరగలేదు. కానీ ఆవిడ పల్లెలో సముద్రం ఎప్పుడూ ఎదుటి గుమ్మంలోంచే వచ్చేది. ఇక్కడది చప్పుడు చెయ్యకుండా కాలవలో పడి, చుట్టూ తిరిగి, పెరటి గుమ్మంలోంచి వస్తోంది. మేం నిలబడింది ఒడ్డు కాదు, నీళ్ళ మధ్య దిబ్బ. నేను గొంతు చించుకుని అరిచాను. రోజా ఎప్పుడూ అరుస్తుంది కదా అని ఎవరూ పట్టించుకోలేదు. ఇన్నాళ్ళు అరిచినందుకు ఫలితం.

అప్పుడు మా ఆయన రెండు చేతులూ తలపైకెత్తి అడ్డంగా పెట్టాడు. "బస్" అన్నాడు, ఇక చాలు ఆగమని.

ఆ గొంతు నేను ఇంట్లో ఎప్పుడూ వినలేదు. డాక్‌లో క్రేన్‌కి సరుకు వేలాడుతున్నప్పుడు ఆ సైగ ఎవరు చేసినా, కింద ఉన్నవాళ్ళంతా ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోవాలి. ఎందుకని అడగకూడదు, సర్దారైనా సరే. తర్వాత ఎంతైనా తిట్టుకోవచ్చు, ముందు ఆగాలి. ఏళ్ళ తరబడి అలవాటైన ఒళ్ళు కదా, మగాళ్ళంతా బిగుసుకుపోయారు. సర్దార్ వెలిగించబోతున్న బీడీ చేతిలోనే ఉండిపోయింది.

"వెనక ఖాల్ నిండుతోంది," అన్నాడు మా ఆయన అందరికీ అర్థమయ్యేలా డాక్ హిందీలో. "నాకు ఈత రాదు. ఎప్పుడూ రాలేదు. మా అమ్మ చెప్పినది అబద్ధం. అందుకే పొద్దుటి నుంచి అటే చూస్తున్నాను. పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకోండి. తాడు నేను పట్టుకెళతాను, దాన్ని పట్టుకుని నా వెనక రండి."

మా అత్త మొహంలో నెత్తురు చుక్క లేదు. సర్దార్ వెనక్కి తిరిగి కాలవని చూశాడు, బీడీ పారేశాడు.

నీళ్ళు చూస్తే జలుబు చేసే మనిషి తాడు నడుముకి చుట్టుకుని అందరికంటే ముందు దిగాడు. రెండో కొస సర్దార్ పట్టుకున్నాడు. కాళ్ళతో అడుగు వెతుక్కుంటూ కర్ర దాకా వెళ్ళాడు, కర్ర నుంచి అవతలికి వెళ్ళాడు. నీళ్ళు నడుము దాటి పక్కకి తోస్తున్నాయి. నేను మొక్కని దేవుడు లేడు. అవతల ఎక్కి, మడమలు ఇసుకలో తన్నిపెట్టి కూర్చున్నాడు. వంటవాళ్ళు గరిటెలు పారేసి పరుగెత్తుకొచ్చి ఆయన్ని పట్టుకున్నారు. తాడు బిగిసింది. ఒకరి తర్వాత ఒకరు దాన్ని పట్టుకుని దాటారు. మా జ్యోతి మనోహర్ భుజాల మీద వెళ్ళింది. అది అవతల గట్టు మీద దిగాక గానీ నా గుండె కుదుట పడలేదు.

చివరికి సర్దారు, నేను, అత్త మిగిలాం. ఆవిడ నీళ్ళ అంచున కొయ్యబారిపోయి నిలబడింది.

"దిగు అత్తా, తాడట్టుకో."

"నా వల్ల కాదే," అంది. "నానెప్పుడూ ఇంత నీటిలో దిగనేదే. సేపలమ్మినాను గానీ దిగనేదు."

ఏడవాలో నవ్వాలో తెలియలేదు. నేను అవతలికి చెయ్యి ఊపాను. మా ఆయన నడుం తాడు విప్పి వంటవాళ్ళ చేతికిచ్చి, దాన్నే పట్టుకుని మళ్ళీ నీళ్ళలోకి దిగాడు. ఈసారి గుండెల దాకా వచ్చాయి. మా దగ్గరకొచ్చి తల్లి ముందు వీపు వంచాడు. ఆవిడ చిన్నపిల్లలా మెడ కావలించుకుంది. కళ్ళు గట్టిగా మూసుకుంది. వాళ్ళ వెనక నేను, నా వెనక సర్దార్. అప్పుడే ఆవిడ చెప్పు పోయింది.

గట్టెక్కాక పేరు పేరునా పిలిచి చూసుకున్నాం. అందరూ పలికారు. హమ్మయ్య అనుకుని ఇసుకలో కూలబడి, ఎందుకో తెలియకుండానే అందరం నవ్వడం మొదలుపెట్టాం. నవ్వుతూనే మాంసం తిన్నాం. కొంచెం మాడింది, అయినా అంత రుచైన మాంసం నా జన్మలో తినలేదు. తిని లేచేసరికి మేం నిలబడిన దిబ్బ లేదు. కుర్చీలు రెండూ తేలుతూ పోతున్నాయి.

బస్సులో సర్దార్ మా ఆయన పక్కన కూర్చున్నాడు. "ఈత రాకుండానే ఇన్నేళ్ళు పడవల మీదా ఓడల మీదా తిరిగావా?" అన్నాడు.

"అందుకే కదా దాదా, ముడి గట్టిగా వేస్తాను," అన్నాడు మా ఆయన. బస్సంతా నవ్వింది. జ్యోతి మాత్రం నవ్వలేదు, నాన్న చెయ్యి పట్టుకుని అలాగే నిద్రపోయింది.

దారి పొడుగునా నేను లోపల ఒక్కో మాటా నూరుకుంటున్నాను, ఇల్లు చేరగానే అత్తని కడిగేద్దామని. ఇంటికొచ్చాక ఆవిడ నీళ్ళు కాచి తెచ్చింది. కొడుకు కాళ్ళ దగ్గర కూర్చుని బురద కడగడం మొదలుపెట్టింది. ఆయన వద్దంటున్నా వినలేదు.

"నాకొక తమ్ముడుండీవోడు," అంది తలెత్తకుండా. "మా పల్లెలో ఆడిలాగ ఎవులూ ఈదనేరు. ఒకనాడు నీళ్ళలోకెల్లిపోనాడు, మరి రానేదు. ఈత బాగా ఒచ్చును కదా, అందుకే అంత దూరం ఎల్లినాడు. నీకు ఈత రాకూడదని అప్పుడే అనుకున్నాను బాబూ. సిన్నప్పుడు సెరువు కాడికెల్లినావని నిన్ను కొట్టినాను, గేపకముందా?"

"గేపకముంది," అన్నాడు మా ఆయన.

"మన కులపోడికి ఈత రాదంటే నలుగురూ నవ్వుతారు. అందుకని అలాగ సెప్పుకున్నాను. నువ్వు బతికుంటే సాలు, అబద్ధమైతే అయినాదని."

నేను నూరుకున్న మాటలన్నీ ఏమయ్యాయో తెలియదు. ఆవిడ చేతిలోంచి చెంబు తీసుకుని రెండో కాలు నేను కడిగాను.

మర్నాడు జ్యోతి తండ్రిని నిలదీసింది. "నాకు ఈత నేర్పిస్తానన్నావు కదా?"

"నాకే రాదు కదమ్మా. ఇద్దరం కలిసి నేర్చుకుందాం," అన్నాడాయన. నేను అత్త వంక చూశాను, ఇక గొడవే అనుకుని.

"నానూ ఒస్తాను. గట్టు మీద కూకుంటాను," అందావిడ.

చలి తగ్గాక, ఆదివారం పొద్దున్న, ఈత నేర్పే చెరువుకి వెళ్ళాం. నేర్పేదంతా పిల్లలకే, మా ఆయన ఒక్కడే మీసాలవాడు. నేర్పే మాస్టారు ఆయన్ని ఎగాదిగా చూసి, ఎక్కడివాళ్ళని అడిగాడు. శ్రీకాకుళం సముద్రం ఒడ్డనగానే, "అయితే కొంచెం వచ్చే ఉంటుంది," అన్నాడు.

మా అత్త గట్టు మీద నుంచి, చెరువంతా వినబడేలా, తనకొచ్చిన బెంగాలీలో సమాధానం చెప్పింది. "రాదు బాబూ. నా కొడుక్కి ఈత రాదు. మొదటి నుంచీ నేర్పాల."

అక్కడితో ఆగితే ఆవిడ మా అత్త ఎందుకవుతుంది? సంచీలోంచి ఆ పిక్నిక్ తాడు తీసి, కొడుకు నడుముకి తనే కట్టింది. పిల్లలంతా కిసకిస నవ్వుతున్నారు. మాస్టారు నోరు తెరిచి చూస్తున్నాడు. మా ఆయన "అమ్మా, ఒగ్గీయే, సిగ్గు పోతన్నాది," అని బతిమాలుతున్నాడు.

"ఉంచుకో మావా," అన్నాను నేను.

ఆయన మెట్టు దిగాడు, ఇంకో మెట్టు దిగాడు, మూడో మెట్టు కూడా దాటాడు. తాడు రెండో కొసని మా అత్త మణికట్టుకి రెండు చుట్లు చుట్టుకుని కూర్చుంది. ఆయన నీళ్ళలో ముందుకి సాగినకొద్దీ ఆవిడ దాన్ని కొంచెం కొంచెంగా వదులుతూ వచ్చింది.